ఆ వెయ్యిమందిని ఎందుకు మరిచారు?

ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళాల్లో నాలుగో వంతు మందిని వెనక్కి పంపుతున్నట్టు 2025 అక్టోబరులో సమితి ప్రకటించింది. తొమ్మిది చోట్ల పనిచేస్తున్న 50 వేల పైచిలుకు సిబ్బందిలో 13 నుంచి 14 వేల మంది ఇంటిదారి పట్టాలి. ఖజానాలో డబ్బు లేదు, ఎందుకంటే పెద్ద దేశాలు తమ వాటా కట్టలేదు. ఇంత సూటి విషయానికి సంస్కరణ అనే పేరు పెట్టి సమర్థించే విశ్లేషకులు బయల్దేరారు. సమితి దళాలున్నా ఊచకోతలు జరిగిన రువాండా, స్రెబ్రెనీచా పేర్లు చెప్పి, నీలి టోపీల సైనికులు ఎక్కడా యుద్ధాన్ని ఆపలేదని వాళ్లు తేల్చేస్తున్నారు.

ఆపారు. మాసిడోనియాలో, కేవలం వెయ్యిమంది.

1992లో యుగోస్లావియా ముక్కలవుతోంది. బోస్నియా రక్తసిక్తమైంది. జనాభాలో దాదాపు నాలుగో వంతు అల్బేనియన్లున్న మాసిడోనియాకూ ఆ మంటలు పాకుతాయని అందరూ భయపడ్డారు. అధ్యక్షుడు కిరో గ్లిగొరోవ్ యుద్ధం మొదలయ్యేదాకా ఆగలేదు, ముందే సమితిని సాయమడిగారు. ఆ ఏడాది డిసెంబరు 11న భద్రతామండలి 795వ తీర్మానం చేసింది. నార్డిక్ దేశాల సైనికులు, తర్వాత అమెరికన్లు వచ్చారు. అంతా కలిపి వెయ్యికి కాస్త పైన. సెర్బియా, అల్బేనియా సరిహద్దుల వెంట కాపలా చౌకీలు పెట్టుకుని గస్తీ తిరగడమే వాళ్ల పని. 1994 వేసవిలో చుపినో బ్రదో అనే కొండ మీద సెర్బ్, మాసిడోనియన్ సైనికులు ఎదురుబొదురుగా నిలిచినప్పుడు, సమితి అధికారులు ఇరుపక్షాలతో మాట్లాడి ఇద్దరినీ వెనక్కి పంపించారు. ఒక్క తూటా పేలలేదు. దీనికంతటికీ అయిన ఖర్చు ఏడాదికి సుమారు 5 కోట్ల డాలర్లు.

యుద్ధం రాకముందే సమితి దళాన్ని దించిన సందర్భం చరిత్రలో ఇదొక్కటే. దాని ముగింపు ఇంకా ముఖ్యం. 1999 జనవరిలో మాసిడోనియా తైవాన్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఫిబ్రవరి 25న దళం గడువు పొడిగింపు ఓటింగుకు రాగానే, తైవాన్‌ను తనదిగా భావించే చైనా వీటో చేసింది. పరిస్థితి కుదుటపడింది కనుక దళం అక్కర్లేదన్నది చైనా చెప్పిన కారణం. నెల తిరక్కముందే, మార్చి 24న, పొరుగున కొసావో యుద్ధంలో నాటో బాంబుదాడులు మొదలయ్యాయి. 20 లక్షల జనాభా ఉన్న మాసిడోనియాకు మూడు లక్షలమందికి పైగా శరణార్థులు వచ్చిపడ్డారు. 2001 ఆరంభంలో సరిహద్దు గ్రామం తనుషెవ్త్సీలో, మార్చికల్లా తెతోవోలో అల్బేనియన్ తిరుగుబాటుదారులకూ ప్రభుత్వ దళాలకూ మధ్య కాల్పులు. లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. ఆగస్టు 13న ఓహ్రిద్ శాంతి ఒప్పందం కుదిరాక, తిరుగుబాటుదారుల తుపాకులు సేకరించడానికి నాటో సుమారు 3,500 మందిని పంపింది. వెయ్యిమందిని తీసేసిన రెండున్నరేళ్లకు మూడున్నర వేలమంది! ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే. ఏ తైవాన్ కోసం ఈ వీటో పడిందో, ఆ తైవాన్‌తో సంబంధాలను మాసిడోనియా 2001 జూన్‌లో తానే తెంచుకుంది.

ఆ ఆరేళ్ల ప్రశాంతత ఒక్క సైనికుల ఘనతే కాదన్న మాట నిజమే. అల్బేనియన్ పార్టీలకు ప్రభుత్వంలో చోటు దక్కింది, ఐరోపా భద్రతా సహకార సంస్థ తరఫున మాక్స్ వాన్ డెర్ స్టూల్ ఓపిగ్గా మధ్యవర్తిత్వం నెరిపారు. కానీ 2001లోనూ నాటో సైనికులు మాసిడోనియాలో వేల సంఖ్యలో ఉన్నారు. కొసావోకు సరఫరాలు అందించడం వాళ్ల పని. సరిహద్దు మీద కన్నేసి ఉంచే బాధ్యత వాళ్లకు ఎవరూ అప్పగించలేదు. సైనికుల సంఖ్య కన్నా వాళ్లకు అప్పగించిన పని ముఖ్యమని దీన్నిబట్టే తెలుస్తుంది.

రువాండాను ఉదాహరణగా చూపేవాళ్లు అక్కడేం జరిగిందో పూర్తిగా చెప్పరు. 1994 ఏప్రిల్ 21న, ఊచకోత మొదలైన రెండు వారాలకు, దాదాపు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి కుదించాలని భద్రతామండలి తీర్మానించింది. దళాన్ని చేజేతులా తగ్గించి, దళాలు పనికిరావని దానినే రుజువుగా చూపడం ఏ తర్కం?

ఖర్చు మాటకొస్తే, 2024లో ప్రపంచ దేశాల సైనిక వ్యయం 2.7 లక్షల కోట్ల డాలర్లు. సమితి శాంతి పరిరక్షణ బడ్జెట్ 2024-25లో సుమారు 560 కోట్లు. నూరు రూపాయల్లో 20 పైసలు. ఆ 20 పైసల్లోనే ఇప్పుడు కోత.

కోత పెట్టినవాళ్లెవరు? కోత ప్రకటించేనాటికి అమెరికా బకాయి ఒక్కటే 200 కోట్ల డాలర్లు దాటింది. చైనా కూడా ఇటీవలి ఏళ్లలో ఆలస్యంగానే చెల్లిస్తోంది. సమితి చార్టర్ 19వ అధికరణం ప్రకారం రెండేళ్ల వాటాకు సమానంగా బాకీపడిన దేశం సర్వసభ్య సభలో ఓటుహక్కు కోల్పోతుంది. భద్రతామండలిలో వీటోను మాత్రం ఆ నిబంధన తాకదు. శాంతి దళాలకు డబ్బు కట్టకపోయినా, ఆ దళాలను రద్దుచేసే అధికారం చెక్కుచెదరదన్నమాట. ఇంతకన్నా సిగ్గుమాలిన ఏర్పాటు మరొకటి ఉందా?

ఇప్పటివరకు రెండున్నర లక్షలమందికి పైగా సైనికులను పంపి, 170 మందికి పైగా బిడ్డలను పోగొట్టుకున్న భారత్‌కు దీన్ని నిలదీసే హక్కు అందరికన్నా ఎక్కువ. దళాలిచ్చే దేశాలను నిర్ణయాల్లో కలుపుకోవాలన్న 44వ అధికరణాన్ని న్యూఢిల్లీ పలుమార్లు గుర్తుచేసింది. ఇక గుర్తుచేయడం చాలదు. ముందస్తు దళాల కొనసాగింపును వీటో పరిధి నుంచి తప్పించాలని, బాకీపడ్డ శాశ్వత సభ్యదేశాలకు ఆ దళాల భవిష్యత్తు మీద ఓటు ఉండకూడదని భారత్ బాహాటంగా డిమాండ్ చేయాలి.