కొత్త లాప్‌టాప్ కొనే ముందు ఒక్క మాట



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేడమ్, మా కంప్యూటర్‌కి విండోస్ 11 రాదని షాపులో చెప్పారు. పాప ప్రాజెక్టుల కోసం ఈఎంఐలో కొత్త లాప్‌టాప్ తీసుకోమంటారా?" అంతకుముందే ఆయన బస్సు ఫీజుకి గడువు అడగడానికి ఆఫీసుకి వెళ్లొచ్చారు. ఆయనకు చెప్పిన మాటే మీకూ చెప్తున్నాను. తొందరపడకండి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానర్థం కంప్యూటర్ పాడైపోయిందని కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇక వాటంతట అవి రావని. అలా వదిలేసిన కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయడం మాత్రం మంచిది కాదు. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో పాటు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి పైవాటికే వస్తుంది.

నా లాప్‌టాప్‌కి కూడా రాలేదు. డిగ్రీలో ఉండగా నాన్న చీటీ పాడి కొనిచ్చింది అది. ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చేదాకా తెరుచుకునేది కాదు. పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించాను, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేయించాను. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాను. ఈ వ్యాసం టైప్ చేసింది దాని మీదే.

అయితే నేను చేసిన తప్పు మీరు చేయకండి. అంతకుముందు ఒకసారి కాపీ తీసుకోకుండా ఫార్మాట్ చేయించి, బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్ ఫోటోలన్నీ పోగొట్టుకున్నాను. అందుకే మొదటి పని, ఫోటోలు, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవడం. రెండో పని, లినక్స్‌ని ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడటం. అలా చూస్తే కంప్యూటర్‌లో ఉన్నదేదీ పోదు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తేనే ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని కోచింగ్ టెస్టులు, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోనే నడుస్తాయి. ఇంట్లో అలాంటివి వాడుతుంటే ముందే కనుక్కోండి.

"లినక్స్ మన పిల్లలకి అర్థమవుతుందా?" అని సందేహం రావచ్చు. కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి దాని మీదే నేర్చుకుంటున్నారు. మా క్లాసు ప్రాజెక్టులకి కావాల్సింది టైపింగ్, నాలుగు స్లైడ్లు, ఒక బ్రౌజర్. ఇవన్నీ అందులో ఉన్నాయి.

షాపులో "క్రాక్ విండోస్ వేసిస్తాం, తక్కువలో అయిపోతుంది" అంటారు. దయచేసి ఒప్పుకోకండి. అందులో వైరస్ ఉండొచ్చు. అంతకంటే పెద్ద విషయం, పరీక్షలో కాపీ కొట్టొద్దని పిల్లలకి చెప్పేది మనమే.

ఒక ఆదివారం ఈ పనికి పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. స్క్రూలు తీసేది మెకానిక్ అయినా, ఏ ఫైల్ దాచాలో రాసుకునే పని వాళ్లకివ్వండి. పాతదాన్ని బాగుచేసుకోవచ్చని చూసిన పిల్లలు ప్రతిదానికీ కొత్తది కావాలని మారాం చేయరు. అన్నీ చేసినా కంప్యూటర్ నడవకపోతే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచిద్దాం.

టీచర్లుగా మాకూ ఒక బాధ్యత ఉంది. ప్రాజెక్ట్ ఇచ్చేటప్పుడే దానికి ఏం సరిపోతుందో డైరీలో రాయాలి. నా క్లాసులో ఈ నెల నుంచి రాస్తున్నాను. అందులో కొత్త లాప్‌టాప్ అనే మాట ఉండదు.