దుకాణం మూస్తే చాలదు, మానేవాడికి చోటు కావాలి

సారా మీద మన ఆడోళ్ళు చేసిన కొట్లాట దేశమంతా చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యానికే నిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఆ తర్వాత బెల్టుషాపులు వాడల్లోకే నడిచొచ్చాయి. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. అమ్ముకోవడంలో వాటా చూపించారు సరే, మానుకోవడంలో మన వాటా ఏదీ?

దుకాణం మీద పోరాటం ఒకటి, తాగుడుకు చిక్కిన మనిషి సంగతి ఇంకొకటి. దుకాణం మూతపడ్డ రోజున కూడా వాడి చేతులు వణుకుతూనే ఉంటాయి. తల్లి ఒట్టేయించుకుంటుంది. పెళ్ళాం ఏడుస్తుంది. సంఘం నాయకుడు ఉపన్యాసమిస్తాడు. ఉపన్యాసాలతో పోయేదైతే ఈపాటికి ఏ పల్లెలోనూ సీసా మిగిలేది కాదు. పైగా ఊరి పెద్దలు మేడ మీద తాగితే దర్జా, కూలోడు తాగితే కులబుద్ధి! ఈ నింద మోయలేకే మనోడు తన జబ్బును దాచుకుంటాడు. అవును, అది జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో ఉంది. జబ్బుకు కులం లేదు.

ఈ జబ్బుకు తాగుబోతులే కనిపెట్టుకున్న దారి ఒకటుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్నంలో బిల్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ అనే డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినోళ్ళే. ఒకడి గోడు ఇంకొకడికి చెప్పుకుంటే ఆ పూట తాగకుండా గడుస్తుందని తెలుసుకున్నారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్ అయింది. మన దగ్గర హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి పట్నాల్లో ఈ మీటింగులు జరుగుతాయి.

అక్కడ ఏం జరుగుతుంది? గంటా గంటన్నర కూర్చుంటారు. ఒకరు తన కథ చెప్తే మిగతావాళ్ళు వింటారు. మధ్యలో అడ్డు తగలరు, నీతులు చెప్పరు. మాట్లాడబుద్ధి కాకపోతే ఊరికే కూర్చోవచ్చు. ఫీజు లేదు. ఇష్టమున్నోళ్ళు ఖర్చులకు పదో పరకో వేస్తారు. చేరడానికి ఒక్కటే అర్హత: మానాలనే కోరిక. జన్మంతా మానమని అడగరు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటారు. మళ్ళీ తాగి వచ్చినా వెళ్ళగొట్టరు. దేవుడి ప్రస్తావన వస్తుంది. నమ్మనోళ్ళూ కూర్చోవచ్చు.

పేరు ఒక్కటే చెప్తే చాలు, ఇంటిపేరు అడగరు. మన దేశంలో ఇంటిపేరు అడగటమంటే కులం అడగటమే గదా! అయితే ఆ గదిలో కూర్చునేదీ ఈ సమాజం మనుషులే. ఎక్కడైనా చిన్నచూపు కనిపిస్తే ఆ మీటింగు వదిలి ఇంకో మీటింగుకు పోండి. అంతేగాని మానే దారినే వదులుకోకండి.

ఎట్లా వెతకాలి? 14446కు ఫోను చెయ్యండి. మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు ఇది. డబ్బులు పడవు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. చదువుకునే పిల్లల చేత ఫోనులో వెతికించండి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా పోవచ్చు, క్లోజ్డ్ మీటింగు మాత్రం తాగుడు సమస్య ఉన్నోళ్ళకే. ఇంటోళ్ళ కోసం 1951లో మొదలైన ఆల్-ఆనాన్ వేరే ఉంది. తాగే ఆడమనిషికి సిగ్గు రెండింతలు. ఆమెను మర్చిపోవద్దు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్సు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. పట్టుదల పేరుతో మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యకండి. మీటింగు మందుకు బదులు కాదు, మందుకు తోడు.

సంఘం కార్యకర్తలారా, మీ పని ఇది. పట్నం మీటింగుకు పోవాలంటే బస్సు ఛార్జీ కావాలి, ఒక పూట కూలి పోతుంది. ఆ ఖర్చు సంఘం భరించాలి. మొదటి రోజు తోడు వెళ్ళి గుమ్మం దాకా దిగబెట్టండి. అక్కడ విన్నది వాడలో చెప్పకండి. మానినోణ్ణి స్టేజీ ఎక్కించి చూపించకండి. మానాలనుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిస్తే అదే ఒక గ్రూపు. అందుకు మీ అంబేద్కర్ భవనంలో వారానికో సాయంత్రం గది ఇవ్వండి. ఆ గదిలో మన జెండా వద్దు, మన పెత్తనమూ వద్దు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ జనం చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగను అన్నది ఒకటి. ప్రతిజ్ఞ చెయ్యడానికి ఒక్క రోజు చాలు. రోజూ నిలబెట్టుకోవాలంటే అదే బాధ పడిన మనిషి పక్కన ఉండాలి. వాడలో సీసా దొరికే చోటు అందరికీ తెలుసు. మానడానికి కూర్చునే చోటు కూడా అట్లాగే అందరికీ తెలియాలి.

జై భీమ్!