సీటు వచ్చాక డబ్బులిస్తారు సరే, సీటు దాకా ఎవరిస్తారు?



మొన్న ఆదివారం నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మూటలు మోసే హమాలీ కూతురు. బీఎస్సీ ఫస్ట్ క్లాస్. జర్మనీలో ఎమ్మెస్సీ చేయాలని రెండేళ్లుగా తిప్పలు పడుతోంది.

"సార్, ఈసారికి ఇడ్సిపెడతా. పేపర్లు కాలే" అంది.

మార్కులు తక్కువై కాదు. ఇంగ్లీషు రాక కాదు. పేపర్లు కాక!

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. అందుకే మన పిల్లల చూపు అటు మళ్లింది. అయితే 2022 నవంబరు నుంచి అక్కడికి చదువుకు వెళ్లాలంటే మన దేశపు విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. నీ చదువు అసలైనదేనని చెప్పే కాగితం అది. దాని ఫీజు 18,000 రూపాయలు. హమాలీ ఇంట్లో ఆ డబ్బు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు అంతదాకా పోవడానికే ఒరిజినల్స్ చేతికి రావాలి. అవి కాలేజీ బీరువాలో ఉన్నాయి. "రీయింబర్స్‌మెంట్ పడలేదు, ఫీజు కట్టి తీసుకుపో" అన్నారు. బాకీ పడింది ప్రభుత్వం, తాకట్టు పడింది పిల్ల. ఒరిజినల్స్ ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట మన ఊళ్లదాకా ఇంకా రాలేదు.

కెనడా దారి పట్టినవాళ్లది ఇంకో అవస్థ. అక్కడ డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలకు ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. మా కడపకు యోగి వేమన యూనివర్సిటీ 2006లో, కర్నూలుకు రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకు ముందు డిగ్రీ చేసిన నాబోటి కడపోళ్లు తిరుపతికి, కర్నూలోళ్లు అనంతపురానికి తిరగాల్సిందే. ఒక్కో సంతకానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ.

దొంగ సర్టిఫికెట్లు లేవా అంటారు. ఉన్నాయి. తనిఖీ వద్దనడం లేదు. ఆ ఖర్చు ఎవరు మోయాలని అడుగుతున్నా.

స్కాలర్‌షిప్ ఉంది కదా అంటారు. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి 125 మందికి. అదైనా విదేశీ యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్ చూపించాకే. ఆ లెటర్ దాకా అయ్యే ప్రతి రూపాయి మన జేబులోదే. జేబు ఉన్నోడికి ఇది చిన్న మెట్టు. లేనోడికి గోడ. బాబాసాహెబ్ 1913లో కొలంబియాకు ఓడ ఎక్కేనాటికే బరోడా స్కాలర్‌షిప్ మంజూరైంది. అది లేకుంటే ఆయన ప్రయాణమే లేదు.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్రాన్స్‌క్రిప్టులు ఉచితంగా ఇవ్వాలి. వెరిఫికేషన్ ఫీజును ప్రభుత్వం ముందుగానే ఇవ్వాలి. రీయింబర్స్‌మెంట్ పేరుతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీలపై చర్య తీసుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫైనల్ ఇయర్‌లోనే ట్రాన్స్‌క్రిప్టుల పని మొదలుపెట్టండి. కాలేజీ ఒరిజినల్స్ ఇవ్వనంటే నోటిమాటతో తిరిగి రావద్దు. అర్జీ రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ కాపీ లేకుంటే రేపు ఏ ఆఫీసులోనూ మన మాట నిలబడదు.

ఈ సోమవారం ఆ అమ్మాయితో కలిసి కాలేజీకి పోతున్నా. అర్జీ రాసి పెట్టుకున్నాం. ఇలాగే సర్టిఫికెట్లు ఇరుక్కున్నవాళ్లు ఎవరున్నా చెప్పండి, కలిసి పోదాం.