సగటు పన్ను ఎవరి పన్ను?

సంపాదకులకు,

జీఎస్టీ సగటు రేటు 2017లో 14.4 శాతం ఉండగా 2019 నాటికి 11.6 శాతానికి దిగిందన్న రిజర్వు బ్యాంకు అంచనాను చూపి, సామాన్యుడి మీద భారం తగ్గిందని మీ గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. అంకెతో పేచీ లేదు, దాన్నుంచి తీసిన తీర్పుతోనే. ఈ సగటు కట్టేది సరుకుల విలువను బట్టి, మనుషులను బట్టి కాదు. ఎక్కువ ఖర్చుపెట్టినవారి బిల్లుకే అందులో ఎక్కువ బరువు. జీఎస్టీ వచ్చినప్పటి నుంచి బంగారం మీద పన్ను 3 శాతమే. సబ్బు, తలనూనె, బిస్కెట్ల మీద 2025 సెప్టెంబరు దాకా 18 శాతం. ఒకరు లక్ష రూపాయల బంగారం కొని 3,000, మరొకరు వెయ్యి రూపాయల సబ్బులూ బిస్కెట్లూ కొని 180 పన్ను కట్టారనుకుందాం. ఇద్దరికీ కలిపి సగటు 3.15 శాతం! రెండోవారికి ఈ అంకె చెప్పి చూడండి.

పేదలు ఎక్కువగా కొనే బియ్యం, కూరగాయల మీద పన్నే లేదు కదా అనవచ్చు. విడిగా తూచి అమ్మే బియ్యానికి లేని మాట నిజమే. కానీ లేబుల్ వేసిన 25 కిలోల లోపు సంచికి 2022 జూలై 18 నుంచి 5 శాతం పడుతోంది. పైగా పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోనే లేవు కనుక వాటి మీది ఎక్సైజు, వ్యాట్ ఈ సగటులో కనిపించవు. ఖజానా రాబడి అంచనాకు సగటు చాలు. న్యాయాన్యాయాలు తేల్చాలంటే ఏ ఆదాయవర్గం తన సంపాదనలో ఎన్నో వంతు కడుతోందో విడివిడిగా చూపాలి. అటువంటి పట్టికతో మరో వ్యాసం వేయించమని మనవి.

– ఒక పాఠకుడు