సేరు బుడ్డలు అడగలేని బిడ్డ

కార్తీకమాసపు చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిష జరుగుతుంది. దొడ్డ బసవన్నకు తొలిపంటను సమర్పించే ఈ జాతరకు కర్ణాటక పల్లెల నుండే కాక, మన రాయలసీమ నుండి, తమిళనాడు నుండి కూడా వేరుశనగ బస్తాలు వచ్చి చేరుతాయి. మొన్నటి పరిషకు మడివాళ నుండి మా అమ్మతో, ఇల్లాలితో, పదేండ్ల కొడుకుతో కలిసి సాయంత్రంపూట వెళ్లాను.

గుడి వీధి పొడవునా కాయల రాశులు. ఒక రాశి ముందు కూర్చున్న పెద్దామె మా వాణ్ణి పలకరించింది: "ఏం కావల్ల నాయనా? బుడ్డలు సేరు పోసేదా?" వాడు నా వైపు తిరిగి, "డాడీ, బుడ్డలంటే పీనట్సా?" అన్నాడు. ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

వేరుశనగకు మనకెన్ని పేర్లు! అనంతపురంలో బుడ్డలు, చిత్తూరులో చెనిక్కాయలు, తెలంగాణలో పల్లీలు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన పంటకు మన సేద్యగాళ్లు ఇన్ని పేర్లు పెట్టి సొంతం చేసుకున్నారు. సేద్యగాళ్ల మనుమలమైన మనం మాత్రం ఆ పేర్లన్నింటినీ పారవేసి ఒక్క ఇంగ్లీషు మాటతో సరిపెట్టుకుంటున్నాము.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు 35 లక్షలకు పైమాటే. భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో చదువుకొనే వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ హక్కు కోసం ప్రభుత్వాన్ని అడగవలసిందే. అయితే, తెలుగు కావాలని బడిలో అడిగిన తల్లిదండ్రులు మనలో ఎందరు? నేను అడగలేదు. ఇంట్లో మాట్లాడుతున్నాము గదా, చాలునని ఊరుకున్నాను. ఇంటి తెలుగు "అన్నం తిను, స్నానం చెయ్యి" దగ్గరే ఆగిపోయిందని ఆ రాశి ముందు నిలబడినప్పుడు గాని తెలియలేదు.

ఇది కన్నడానికి పోటీగా చెబుతున్న మాట కాదు. ఉన్న ఊరి భాష నేర్వడం మన ధర్మం. ఆ పరిషలో ఆ పెద్దామె ఒకరితో కన్నడం, ఇంకొకరితో తెలుగు తడుముకోకుండా మాట్లాడింది. ఒక నుడి కోసం మరొకదాన్ని వదులుకోవాలన్న ఆలోచన ఆమెకు లేదు. అది చదువుకున్న మనకే ఎందుకు వచ్చింది?

వేరుశనగ పూవు నేలపైన పూస్తుంది. దాని ఊడ మట్టిలోకి దిగితేనే కాయ పడుతుంది. నుడి కూడా అంతే. ఇంట పూసిన మాట అంగడిలోకి, బడిలోకి, రాతలోకి దిగకపోతే పూవుగానే రాలిపోతుంది.

మా అమ్మ వాడి చేతికి డబ్బిచ్చి, "నువ్వే పోయి అడుగు" అంది. వాడు సిగ్గుపడుతూనే వెళ్లి, "అవ్వా, బుడ్డలు ఒక సేరు పోయి" అన్నాడు. ఆమె సేరు కొలిచి, పైన గుప్పెడు కొసరు వేసింది. కొసరంటే ఏమిటని వాడు దారంతా అడుగుతూనే ఉన్నాడు.

బెంగళూరు తెలుగువారికి నా విన్నపం ఇదే. వచ్చే పరిషకు మీ బిడ్డలను తీసుకుపొండి, బేరం వారినే ఆడనివ్వండి. ఆ మరునాడే బడికి వెళ్లి, కన్నడం పక్కన తెలుగుకు కూడా చోటివ్వమని రాతపూర్వకంగా అడగండి. మా బడికి నా అర్జీ చేరింది.