పద్దెనిమిదేళ్లు నిండాక సంతకం ఎవరిది?

పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండాయంటే ఏ ఇంట్లోనైనా సంతోషమే. కడపలో మా చెల్లెలి ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచే కొత్త దిగులు మొదలైంది. ఆమె కొడుకుకు ఆటిజం ఉంది. మాటలు బాగా తక్కువ. పిలిస్తే పలకడు. తిరిగే ఫ్యాను వంక గంటల తరబడి చూస్తూ కూర్చుంటాడు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఆయన పంపే డబ్బులో కొంత పిల్లవాడి పేర బ్యాంకులో వేస్తూ వచ్చారు. మైనరుగా ఉన్నంత కాలం తల్లి సంతకం చెల్లింది. ఆ గడువు దాటగానే ఇక అతనే వచ్చి సంతకం చేయాలన్నారు.

"కన్నతల్లిని నేనుండగా నాకు హక్కు లేదా భాయీజాన్?" అని చెల్లెలు అడిగింది. కర్నూలులో పిల్లలకు ఉర్దూ చెప్పుకునే నా దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆమెతో పాటు ఆఫీసుల చుట్టూ తిరిగాక తెలిసిన సంగతులు, అదే బాధలో ఉన్న మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

చట్టం కళ్లు తెరవడానికి 21 ఏళ్లు

వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో తొలిసారి దాని పేరు కనిపించింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి ఆటిజాన్ని చేర్చింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అంతవరకు ఇలాంటి పిల్లలకు చాలాచోట్ల 'బుద్ధిమాంద్యం' అని రాసి సర్టిఫికెట్ ఇచ్చేవారు. మా మేనల్లుడి పాత కాగితంలోనూ అదే ఉంది. ఇప్పుడు డాక్టర్లు ఆటిజం అంటే, రెండు కాగితాలకు పొంతన లేదని గుమాస్తా అనుమానంగా చూస్తాడు. మాట మార్చింది చట్టం, సంజాయిషీ చెప్పుకోవలసింది తల్లి!

ఆటిజాన్ని కొలిచే భారతీయ పద్ధతిని తయారు చేసింది సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థే. అందులో 40 అంశాలుంటాయి. ఒక్కో అంశానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు. మొత్తం 70కి చేరకపోతే ఆటిజం లేనట్టే లెక్క. పింఛనుకు, రిజర్వేషనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. లెక్క సరైనదే. కాని ఆ లెక్క వేసే చోటు ఎలా ఉంటుంది? సచివాలయంలో స్లాటు బుక్ చేసుకుని, తెల్లవారుజామున బస్సెక్కి, ఆసుపత్రి వరండాలో వందమంది మధ్య మధ్యాహ్నం దాకా నిలబడాలి. చిన్న శబ్దానికే చెవులు మూసుకునే పిల్లవాడికి అది నరకం. అక్కడ అరిస్తే తల్లికి పెంపకం రాదంటారు. నిమ్మళంగా కూర్చుంటే "చూడ్డానికి బాగానే ఉన్నాడే" అంటారు.

పేరు ఒకటే, స్పెల్లింగులు నాలుగు

మన ఇళ్లలో దీనికి తోడు మరో తంటా ఉంది. 'షేక్' అన్న ఒక్క మాటను ఇంగ్లిషులో ఆధారులో ఒక రకంగా, బడి రికార్డులో మరో రకంగా రాస్తారు. రేషన్ కార్డులో ఇంటిపేరు ఉండదు. తండ్రి పాస్‌పోర్టులో ఉన్న పేరు వేరు. కంప్యూటరుకు ఉర్దూ ఉచ్చారణ తెలియదు, ఒక్క అక్షరం తేడా వస్తే అది వేరే మనిషంటుంది. ఇక వేలిముద్ర, కంటిపాప ఫొటో! ఎవరైనా చెయ్యి పట్టుకుంటేనే వణికిపోయే పిల్లవాణ్ని యంత్రం ముందు కూర్చోబెట్టడానికి మాకు మూడుసార్లు తిరగవలసి వచ్చింది.

2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేల రూపాయలకు పెరిగింది. అది మంచి మాట. 2025లో ప్రభుత్వం పింఛన్ల పునఃపరిశీలన చేపట్టి ఎందరికో నోటీసులు పంపింది. దొంగ సర్టిఫికెట్లను ఏరివేయడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాని ఆటిజం జ్వరంలా వచ్చి పోయేది కాదు, జీవితాంతం ఉండేది. ఒకసారి నిర్ధారించిన దాన్ని మళ్లీ మళ్లీ నిరూపించుకోమంటే ఆ శిక్ష పడేది దొంగకు కాదు, నిజమైన బాధితుడికి.

వలీ ఎవరు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తల్లిదండ్రులే ఎప్పటికీ సంరక్షకులని మనలో చాలామంది అనుకుంటారు. పిల్లల ఆస్తిని వారికి అప్పగించడానికి షరీఅత్ వయసుతో పాటు 'రుష్ద్', అంటే మంచిచెడ్డలు తెలిసే వివేకాన్ని కూడా చూస్తుంది. దేశచట్టం వయసును మాత్రమే లెక్కిస్తుంది. పద్దెనిమిది నిండిన మరుక్షణం తల్లిదండ్రుల సంరక్షకత్వం ముగుస్తుంది. దాన్ని తిరిగి పొందే దారి నేషనల్ ట్రస్టు చట్టంలో ఉంది. ప్రతి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో ఒక స్థానిక కమిటీ ఉండాలి. తల్లి గాని, తండ్రి గాని, దగ్గరి బంధువు గాని అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. కమిటీ ఇచ్చే సంరక్షక పత్రాన్ని అంగీకరించాలని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. విచిత్రమేమిటంటే, మేము వెళ్లిన మూడు కౌంటర్లలో ఒక్కచోట కూడా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కోర్టుకు పొమ్మన్నవారే ఎక్కువ.

సంరక్షకుడికి బాధ్యత కూడా ఉంది. ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఏటా లెక్క చూపాలి. ఇది మనకు కొత్త కాదు. తమ సొమ్మును చూసుకోలేని వారికి అందులోంచే తిండి, బట్ట సమకూర్చి వారితో మంచిగా మాట్లాడమని అన్నిసా సూరా బోధిస్తుంది. అనాథల సొత్తు అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమనీ చెబుతుంది. మంచిగా మాట్లాడమన్న ఆ ఆజ్ఞ కౌంటరు వెనక కూర్చున్నవారికీ వర్తిస్తే ఎంత బాగుండును!

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ఆటిజం పిల్లల పరీక్షకు ఆసుపత్రిలో విడిగా ఒక పూట, ఒక నిశ్శబ్దమైన గది కేటాయించాలి. 2022లో కర్నూలు, కడప జిల్లాలు విడిపోయాయి కనుక, ఎవరు ఏ జిల్లా కమిటీకి వెళ్లాలో సచివాలయాల్లో బోర్డు పెట్టాలి. మనమూ ఊరికే ఉండరాదు. ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం దినంగా పాటించాలని 2007లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించిన దేశం ఖతర్. మన మొహల్లాల్లో మాత్రం ఇలాంటి పిల్లవాణ్ని ఆసేబ్ పట్టిందని తావీజు కట్టి లోపలి గదిలో దాచేవారు నేటికీ ఉన్నారు. జుమా నమాజు తర్వాత చదువుకున్న నలుగురు యువకులు మస్జిదు అరుగు మీద గంటసేపు కూర్చుని దరఖాస్తులు నింపిపెట్టినా ఎన్నో తల్లుల కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది.

మా చెల్లెలి దరఖాస్తు కలెక్టరేటులో ఉంది. రసీదు మాత్రం చేతికొచ్చింది. ఆమె ఇప్పుడు తన కోసం కాదు, తన తర్వాతి రోజుల కోసం తిరుగుతోంది. నేను లేని నాడు వీడి పేర సంతకం ఎవరు చేస్తారన్నదే ఆమె భయం. ఆ భయాన్ని తీర్చగల చట్టం 1999 నుంచీ ఉంది. అది కౌంటరు దాకా రావడమే మిగిలింది.