మెహమాన్ వచ్చాడు, బిల్లు మన చేతిలో పెట్టాడు



మన ఇళ్లలో మెహమాన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. దస్తర్‌ఖాన్ మీద ముందు ఆయన ప్లేటు నిండాలి, తర్వాతే పిల్లలది. మూడు రోజుల మెహమాన్‌నవాజీ ఆయన హక్కు అని బుజుర్గులు చెబుతూనే ఉన్నారు. ఎవరు పిలిచారో ఖర్చు వాళ్లదే. మెహమాన్ భోజనం చేసి వెళ్లాక పక్కింటి తలుపు తట్టి బిల్లు అడిగే మేజ్బాన్‌ను మీరెక్కడైనా చూశారా?

వీడియో గేముల దునియాలో మాత్రం అదే జరుగుతోంది. అక్కడ మెహమాన్ పేరు గెస్ట్ క్యారెక్టర్. పిలిచేది కంపెనీ. బిల్లు కట్టేది సూర్యాపేట మెకానిక్ షెడ్డులో స్పానర్ పట్టే అబ్బా, కోదాడలో హైవే పక్కన చాయ్ హోటల్ నడిపే మామూ, మిర్యాలగూడ రైస్ మిల్లులో ఒళ్లు వంచే చాచా.

ఈ గేముల సంగతి తెలియని అమ్మీ, అబ్బాల కోసం రెండు మాటలు. ఫైటింగ్ గేమ్ అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్, మోర్టల్ కాంబాట్ పెద్ద పేర్లు. ఒక్కో గేముకు సొంత పహిల్వాన్లు ఉంటారు. వాళ్లు చాలరని ఏ సినిమా నుంచో, సీరియల్ నుంచో, ఇంకో గేము నుంచో ఒకణ్ణి తెచ్చి దించుతారు. వాడే గెస్ట్. గేము కొన్న పైసలు వేరు, వీడికి కట్టే పైసలు వేరు.

ముందే సాఫ్‌గా చెబుతున్నా. గేము ఆడటం హరామా, హలాలా అన్న ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. నా ఎతరాజ్ ఆట మీద కాదు, దాని వెనక నడిచే తిజారత్ మీద. తిజారత్‌లో ధోకా ఉంటే మాట్లాడటానికి ఆలిమ్ కానక్కర్లేదు. జేబు ఖాళీ అయిన ప్రతివాడికీ ఆ హక్కు ఉంది.

ఒకప్పుడు ఈ మెహమాన్ నిజంగానే మెహమాన్‌లా వచ్చేవాడు. 2003లో సోల్ కాలిబర్ 2 ఇళ్లలోకి వచ్చింది. గేమ్‌క్యూబ్ కొన్నవాళ్లకు లింక్, ప్లేస్టేషన్ 2 వాళ్లకు టెక్కెన్ ముసలాయన హెయిహాచి, ఎక్స్‌బాక్స్ వాళ్లకు స్పాన్ దొరికారు. ముగ్గురూ డిస్కులోనే ఉన్నారు. అదనంగా ఒక్క పైసా అడగలేదు. అంతకు పదేళ్ల ముందు, 1993లో, క్యాప్‌కామ్ వాళ్ల క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ వచ్చింది. ఆ పేరు మన గల్లీల్లో ఎవరికీ గుర్తుండదు, "ముస్తఫా గేమ్" అంటే తెలియనివాడు ఉండడు. మన పేరున్న హీరో ఒకడు తెర మీద ఎగిరి తన్నుతుంటే ఆ ఖుషీ వేరు. అందులో నలుగురు హీరోలు. బిళ్ళ వేస్తే నలుగురిలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. ముస్తఫా కావాలంటే ఇంకో బిళ్ళ వెయ్యమని మెషీన్ ఎన్నడూ అడగలేదు.

తర్వాత నీయత్ మారింది. 2012లో అదే క్యాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ తెచ్చింది. అందులో 12 మంది క్యారెక్టర్లు డిస్కులోనే ఉన్నారు, కానీ తాళం వేసి ఉన్నారు. ఆ తాళం చెవిని తర్వాత వేరే ధరకు అమ్మారు. అల్మారా కొని ఇంటికి తెచ్చుకున్నాక లోపలి రెండు అరలకు మళ్లీ పైసలు కట్టమంటే ఆ దుకాణ్‌దార్‌ను బజారులో ఎవరైనా ఇజ్జత్‌తో చూస్తారా? అక్కడ అది ధందా అయిపోయింది.

2023లో వచ్చిన మోర్టల్ కాంబాట్ 1 చూడండి. మొదటి పెయిడ్ ప్యాకులో ఆరుగురు. వాళ్లలో ఓమ్ని మ్యాన్, పీస్‌మేకర్, హోమ్‌లాండర్ ముగ్గురూ బయటి మెహమాన్లే. 2024లో వచ్చిన రెండో విడతలో ఆరుగురికి ముగ్గురు మళ్లీ మెహమాన్లే: ఘోస్ట్‌ఫేస్, టీ-1000, కోనన్. 2025లో ఇక కొత్త క్యారెక్టర్లు రారని ప్రకటించారు. ఖేల్ ఖతమ్, దుకాణ్ బంద్.

ఇక్కడ కంపెనీల తరఫు వకీళ్లు ఒక మాట అంటారు. "ఎవరు కొనమన్నారు? ఇష్టమైతే కొనండి, లేకపోతే వదిలేయండి." వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది. కారు రేసు గేములో పక్కవాడి కారు రంగు గురించి అయితే ఈ జవాబు చెల్లుతుంది. ఫైటింగ్ గేములో చెల్లదు. నేను కొనకపోయినా నా ఎదుటివాడు కొంటాడు. వాడి పహిల్వాన్ ఏ దెబ్బ ఎప్పుడు కొడతాడో, ఎలా కాచుకోవాలో నేర్చుకోవాలంటే ప్రాక్టీసులో వాణ్ణి నేను నిలబెట్టుకోవాలి. అందుకు వాణ్ణి నేనూ కొనాలి. అంటే ఓడిపోకుండా ఉండటానికి కూడా పైసలే.

మిసాల్ కావాలా? 2019 డిసెంబర్‌లో టెక్కెన్ 7లో లీరాయ్ స్మిత్ అనే క్యారెక్టర్‌ను పైసలకు అమ్మారు. మరుసటి నెల ఈవో జపాన్ పోటీలో చివరిదాకా మిగిలిన 8 మందిలో 6 గురి చేతిలో లీరాయే ఉన్నాడు. ఆ తర్వాతే వాడి బలం తగ్గించారు. అమ్మకం ముందు, ఇన్సాఫ్ తర్వాత. అదే టెక్కెన్ 7లో ఏ దెబ్బకు ఎంత సమయం పడుతుందో చూపించే ఫ్రేమ్ డేటాను కూడా విడిగా అమ్మారు. కూరగాయలతో పాటు తరాజుకు కూడా కిరాయి అడిగినట్టు. 2024లో టెక్కెన్ 8 వచ్చినప్పుడు అదే తరాజును గేముతోనే ఇచ్చేశారు. ఇవ్వడం వాళ్ల చేతిలో పనేనని తేలింది కదా? అయితే గేము వచ్చి రెండో నెల తిరగకముందే అందులో వేషాల దుకాణం తెరిచారు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

ఇక ధర దాచే హునర్ గురించి. 2023లో స్ట్రీట్ ఫైటర్ 6లోకి నింజా తాబేళ్ల వేషాలు వచ్చాయి. ఒక్కో వేషం 750 ఫైటర్ కాయిన్లు. డాలర్లలో లెక్క కడితే 15 దగ్గర. నాలుగు తాబేళ్లకు 60 డాలర్లు, అంటే ఆ గేము మొత్తం ధర. ధర పక్కన రూపాయి గుర్తు పెడితే పిల్లవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. కాయిన్ అంటే ఆగదు. ఆ క్షణాన్ని మింగెయ్యడానికే ఆ కాయిన్లు. ఫోన్ గేముల్లో డైమండ్లు, యూసీలు చేసే పని కూడా ఇదే.

మన ఇళ్లలో పీఎస్ 5 ఎన్ని ఉంటాయి? తక్కువే. ఫోన్ లేని ఇల్లు మాత్రం లేదు. 2020లో ఫ్రీ ఫైర్‌లోకి హృతిక్ రోషన్ జై పేరుతో వచ్చాడు, క్రిస్టియానో రొనాల్డో క్రోనో పేరుతో వచ్చాడు. క్రోనో దగ్గరున్న తాకత్ ఎంత ఎక్కువైందంటే తర్వాత కంపెనీయే దాన్ని తగ్గించాల్సి వచ్చింది. అది ముక్కాముక్కీ ఆట కాదు, తుపాకీ ఆట. దుకాణం తరీఖా మాత్రం ఒకటే. "అబ్బా, వాడి దగ్గర ఉన్నాడు, నా దగ్గర లేడు." ఈ ఒక్క వాక్యం మీద కోట్ల తిజారత్ నడుస్తోంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది స్పిన్లు, క్రేట్లు. జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు వెళ్తే రింగులాట దుకాణాలు చూస్తాం. రింగు విసిరితే సబ్బో గ్లాసో వస్తుంది, రాకపోతే రింగూ పోయింది, పైసలూ పోయాయి. అక్కడ కనీసం వస్తువు కళ్ల ముందు ఉంటుంది, చెయ్యి మనది. పైగా పక్కన నిలబడ్డ నాన్నీ "బస్, చాలు పద" అని చెవి పట్టుకుని లాక్కెళ్తుంది. ఫోన్‌లో చక్రం తిప్పేది కంపెనీ మెషీన్. రాత్రి పన్నెండింటికి దుప్పటి కింద నాన్నీ ఉండదు. కొంటున్నదేమిటో తెలియకుండా పైసలు కట్టడాన్ని మన ఫిఖా గరర్ అంటుంది. నసీబ్ మీద పైసలు కాయడాన్ని మైసర్ అంటుంది. ఈ రెండు మాటలూ మదర్సా పిల్లవాడికి కూడా తెలుసు. బెల్జియం సర్కార్ జూదాల కమిషన్ 2018లో ఇలాంటి డబ్బాలు జూదమేనని తేల్చింది. వాళ్లకు తట్టింది మన మింబర్ల మీద ఎందుకు వినిపించదు?

మన దగ్గర రెండు రకాల జవాబులే వినిపిస్తాయి. ఒకటి, బంద్ చెయ్యండి. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ బంద్ చేశారు. మరుసటి ఏడాది అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ బంద్ అయ్యింది, పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లోకి వెళ్లారు. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. దాని గురి పైసలు పెట్టి పైసలు గెలిచే ఆటల మీద. వేషాల దుకాణాలు తెరిచే ఉన్నాయి.

రెండోది, ఇదంతా ఇతరుల సాజిష్, మన నౌజవాన్లను చెడగొట్టడానికే. ఈ మాట అనేవాళ్లకు ఒక సవాల్. కింగ్ ఆఫ్ ఫైటర్స్ తీసిన జపాన్ కంపెనీ ఎస్ఎన్‌కేలో 96 శాతం వాటా ఎవరిదో తెలుసా? సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ స్థాపించిన మిస్క్ ఫౌండేషన్‌ది. 2025 ఏప్రిల్‌లో ఆ కంపెనీ తెచ్చిన ఫేటల్ ఫ్యూరీ గేములో మెహమాన్ ఎవరు? రియాద్‌లో అల్ నస్ర్ జట్టుకు ఆడే రొనాల్డో. ఆయనకు వేరే పైసలు అడగలేదు, ఆ మాట చెప్పాలి. కానీ కరాటే, కుంగ్ ఫూ పహిల్వాన్ల మధ్య ఫుట్‌బాలర్‌కు ఏం పని? ఆయన మెహమాన్ కాదు, నడిచే ఇష్తిహార్. కాబట్టి ఈ బజారుకు మజహబ్ లేదు. జపాన్ యెన్, అమెరికా డాలర్, సౌదీ రియాల్ అన్నీ ఒకే గల్లాలో పడుతున్నాయి. అదే సౌదీలో ఎండకు మాడి అబ్బా పంపిన పైసలు ఇక్కడ కొడుకు ఫోన్ నుంచి అదే గల్లా వైపు నడుస్తున్నాయి.

మరి ఏం చెయ్యాలి? ఫోన్ పగలగొట్టడం తర్బియత్ కాదు. పిల్లవాడికి ఖరీదు చెయ్యడం నేర్పండి. ఏది అడిగినా మూడు సవాళ్లు వెయ్యమనండి. దీని ధర రూపాయల్లో ఎంత? పైసలు కడితే కచ్చితంగా ఏం వస్తుంది? గేము బంద్ అయితే నా దగ్గర ఏం మిగులుతుంది? మొదటిదానికి జవాబు లేకపోతే కాయిన్లను రూపాయల్లోకి మార్చి కాగితం మీద రాయించండి. రెండోదానికి జవాబు లేకపోతే అది ఖరీదు కాదు, జూదం. కచ్చితంగా వద్దనండి. మూడోదానికి జవాబు "ఏమీ లేదు" అయితే, తన ఈదీలోంచి కడతాడా అని అడగండి. సాఫ్ ధరకు, సాఫ్ వస్తువు, ఈదీ పైసలతో కొంటే కొననివ్వండి. ఆ మాత్రం ఖుషీ ఔలాద్ హక్కు. యూపీఐ పిన్ మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర అమానత్‌గా ఉండాలి. "బిజీగా ఉన్నా, నువ్వే కొట్టుకో" అని పిన్ చెప్పేసిన రోజే గల్లా తలుపు తెరిచినట్టు.

గేమ్ పార్లర్ నడిపే భాయ్‌లకు ఒక గుజారిష్: గంట కిరాయి తీసుకోండి, అది మీ హలాల్ కమాయీ. పిల్లలకు కాయిన్లు రీఛార్జ్ చేసి కమిషన్ తీసుకోకండి. మన ఖతీబ్ సాబ్‌లకు ఒక అర్జీ: ఏడాదిలో ఒక్క జుమ్మా బయాన్ ఈ గరర్ మీద ఇవ్వండి. ఆట హరామ్ అని అరిస్తే వెనక సఫ్‌లో నౌజవాన్ నవ్వుకుంటాడు. "బేటా, నిన్న రాత్రి తిప్పిన చక్రంలో నీకేం వచ్చింది?" అని అడిగితే తల దించుకుంటాడు. వాడికి జవాబు తెలుసు.